జీవకణంలో చేరిన ఇనుము ఎమ్మారైకి ఎలా కనిపిస్తుంది: ఒక ప్రాజెక్టు డైరీ

ప్రశ్న

జీవకణాల చేత అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ రేణువులను మింగించి, ఆ కణాలు శరీరంలో ఎక్కడికి చేరాయో ఎమ్మారై చిత్రాలలో వెతకడం చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. మూలకణాలను, రోగనిరోధక కణాలను ఇలాగే వెంబడిస్తారు. చిత్రంలో నల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ గుర్తుపెట్టిన కణాలు ఉన్నట్టు భావిస్తారు. అయితే ఆ మచ్చను చూసి అక్కడ ఎంత ఇనుము ఉందో చెప్పగలమా, ఆ ఇనుము ఇంకా కణాల లోపలే ఉందా లేక కణాలు చనిపోయి బయటికి వచ్చేసిందా అన్నది తేల్చగలమా అనే ప్రశ్నలు అంత తేలిగ్గా తెగవు. ఈ ప్రాజెక్టును నేను ఆ ప్రశ్నల కోసమే మొదలుపెట్టాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి. ఎమ్మారై ఇనుమును నేరుగా చూడదు. అది చూసేది నీటి అణువులలోని హైడ్రోజన్ ప్రోటాన్లను. ఇనుప రేణువు తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొడుతుంది, ఆ చెదిరిన క్షేత్రంలో తిరిగే ప్రోటాన్లు తమలో తాము పొందిక కోల్పోతాయి, ఆ కారణంగా సిగ్నల్ త్వరగా అణగిపోతుంది. కనుక మనం కొలిచేది ఇనుము పరిమాణాన్ని కాదు, ఆ ఇనుము అమరిక నీటి మీద చూపిన ప్రభావాన్ని. అంతే ఇనుము వేరే విధంగా అమరితే వేరే సిగ్నల్ వస్తుంది. ఈ మాట చాలా చోట్ల ఒక వాక్యంలో ముగిసిపోతుంది. దాన్ని నమూనాలు తయారుచేసి, కొలిచి, లెక్కతో సరిపోల్చి చూడాలన్నదే నా ఉద్దేశం.

ప్రణాళిక క్లుప్తంగా ఇది. ఒకే మోతాదు ఇనుమును మూడు స్థితులలో జెల్‌లో ఉంచాలి: విడి రేణువులుగా, చెక్కుచెదరని కణాల లోపల, పొరలు పగలగొట్టిన కణాలతో కలిపి. ప్రతి నమూనాలోనూ మూడు వేగాలను కొలవాలి. టీ1 అనే కాలానికి విలోమమైన ఆర్1, ప్రోటాన్లు తిరిగి సమతుల్యానికి చేరే వేగం. ఆర్2 (టీ2కు విలోమం), చెదిరిన ప్రోటాన్లను ఒక పల్స్‌తో వెనక్కి తిప్పి సిగ్నల్‌ను (ఎకోను) తిరిగి రప్పించే స్పిన్ ఎకో పద్ధతిలో సిగ్నల్ అణగే వేగం. ఆర్2 స్టార్ (టీ2 స్టార్‌కు విలోమం), అలా వెనక్కి తిప్పని గ్రేడియంట్ ఎకో పద్ధతిలో సిగ్నల్ అణగే వేగం. దీనికి సమాంతరంగా కంప్యూటర్‌లో సిమ్యులేషన్ నడపాలి.

రేణువుల గురించి

వాడుతున్నవి మాగ్నెటైట్, మాగ్హెమైట్ జాతి ఐరన్ ఆక్సైడ్ గర్భాలకు (రేణువు నడిమి భాగానికి) డెక్స్‌ట్రాన్ అనే పిండిపదార్థ జాతి తొడుగు ఉన్న రేణువులు. గర్భం వ్యాసం 10 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది; తొడుగుతో, తొడుగును అంటిపెట్టుకున్న నీటితో కలిపి చూస్తే మొత్తం పరిమాణం దానికి చాలా రెట్లు. ఇంత చిన్న గర్భంలో అయస్కాంత దిశ ఒక్కటే ఉంటుంది, గది ఉష్ణోగ్రతలో ఆ దిశ తనంతట తానే అటూ ఇటూ మారుతూ ఉంటుంది. బయటి క్షేత్రం లేనప్పుడు సగటున అయస్కాంతత్వం సున్నా కాబట్టి రేణువులు ఒకదానినొకటి లాక్కుని ముద్దకట్టవు; స్కానర్‌లో పెట్టగానే అన్నీ ఒకే దిశకు తిరుగుతాయి. సూపర్‌పారామాగ్నెటిక్ అని వీటికి పేరు రావడానికి కారణం ఇదే.

ఈ దిశ మారడం ఎంత సంపూర్ణంగా జరుగుతుందో లెక్క వేశాను. 10 నానోమీటర్ల మాగ్నెటైట్ గోళం 0.1 టెస్లా (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) క్షేత్రంలోనే తన పూర్తి అయస్కాంతీకరణలో 80 శాతానికి పైగా చేరుకుంటుంది, 1.5 టెస్లా దగ్గర 99 శాతం. అంటే 1.5 నుంచి 3కు, 3 నుంచి 7 టెస్లాకు వెళ్ళినా రేణువు కలిగించే క్షేత్రపు చెదురు దాదాపు పెరగదు. గాలి, కణజాలం కలిసే చోట పుట్టే చెదురు, రక్తంలో ఆక్సిజన్ విడిచిన హీమోగ్లోబిన్ (డీఆక్సీహీమోగ్లోబిన్) కలిగించే చెదురు మాత్రం స్కానర్ క్షేత్రంతో పాటు పెరుగుతూనే ఉంటాయి. క్షేత్రం ఎంత ఎక్కువైతే ఇనుము అంత బాగా కనిపిస్తుందనే ధీమా అందుకే సరికాదని నా అభిప్రాయం. ఎక్కువ క్షేత్రం వల్ల సిగ్నల్ బలం పెరిగి సన్నని వోక్సెల్స్ (చిత్రంలోని అతి చిన్న ఘనాకార భాగాలు) సాధ్యమవుతాయన్న లాభం నిజమే, కానీ అది వేరే లాభం.

మనుషులకు వాడే రేణువుల చరిత్ర కూడా ప్రాజెక్టు దారిని కొంత నిర్ణయించింది. కాలేయ చిత్రణ కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో అనుమతించిన ఫెరుమాక్సైడ్స్ అనే ఐరన్ ఆక్సైడ్ రేణువులతోనే కణాలను వెంబడించే తొలి ప్రయోగాలు చాలా జరిగాయి. తరువాత ఆ మందు మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది. 2009లో అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ అసలు మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి ఇనుము లోపానికి ఇచ్చే మందు. తీవ్రమైన అలర్జీ ప్రమాదం గురించి 2015లో దాని మీద బలమైన హెచ్చరిక చేర్చారు. ఇలా మందు మారినప్పుడల్లా గర్భం పరిమాణం, తొడుగు, కణాలు దానిని స్వీకరించే తీరు అన్నీ మారతాయి. ఒక మందు కోసం కొలిచిన గుణకాన్ని (ఒక మోతాదు ఇనుముకు సిగ్నల్ అణగే వేగాన్ని) మరో మందుకు వాడలేము కాబట్టి, గుణకం వెనుక ఉన్న కారణాన్నే పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

కాగితం మీద లెక్క

ప్రయోగశాలలో చేయి పెట్టడానికి ముందు ఈ లెక్కకు కావలసినంత సమయం ఇచ్చాను. ఏ కొలత ఎక్కడ పడాలో ముందే తెలిస్తేనే నమూనాల గాఢతను, స్కానర్ అమరికలను సరిగ్గా ఎంచుకోగలం.

నిర్ణాయకమైన రాశులు రెండు. మొదటిది రేణువు ఉపరితలం మీద, దాని నడిమి రేఖ దగ్గర, క్షేత్రం ఎంత మారుతుందన్నది. మాగ్నెటైట్ సంతృప్త అయస్కాంతీకరణ మీటరుకు సుమారు 4.8 లక్షల ఆంపియర్లు. దీని నుంచి వచ్చే క్షేత్ర మార్పు 0.2 టెస్లా, ప్రోటాన్ల పరంగా చెబితే సెకనుకు సుమారు 5.4 కోట్ల రేడియన్ల తేడా. రెండోది నీటి అణువు వ్యాపనం ద్వారా రేణువును దాటిపోవడానికి పట్టే సమయం. అది రేణువు వ్యాసార్థం వర్గాన్ని వ్యాపన గుణకంతో భాగిస్తే వస్తుంది. 5 నానోమీటర్ల వ్యాసార్థానికి, గది ఉష్ణోగ్రత నీటిలో మిల్లీసెకనుకు 2.3 చదరపు మైక్రోమీటర్ల వ్యాపనానికి, ఈ సమయం 11 నానోసెకన్లు.

ఈ రెండింటి లబ్ధం 0.6 చుట్టూ వచ్చింది, అంటే ఒకటికి తక్కువ. ఒక రేణువు పక్క నుంచి వెళ్ళే నీటి అణువు పెద్దగా ఫేజ్ (ప్రోటాన్ తిరిగిన కోణం) మార్పు పొందక ముందే దాటిపోతుంది. ఎన్నో రేణువులను అలా దాటుతూ సగటు ప్రభావాన్ని మాత్రమే పోగు చేసుకుంటుంది. ఈ పరిస్థితిలో ఆర్2, ఆర్2 స్టార్ రెండూ ఒకటే కావాలి, ఎందుకంటే స్పిన్ ఎకోలోని 180 డిగ్రీల పల్స్ వెనక్కి తిప్పగలిగేది నిలకడగా ఉన్న ఫేజ్ తేడాను మాత్రమే, నీటి యాదృచ్ఛిక కదలిక పోగుచేసిన తేడాను కాదు. సిద్ధాంత సూత్రంలో విలువలు వేస్తే లీటరుకు ఒక మిల్లీమోల్ ఇనుముకు ఆర్2 సెకనుకు 165 వస్తుంది. నానో రేణువుల ఉపరితలం దగ్గర అయస్కాంత క్రమం చెదిరి ఉండడం వల్ల వాటి అయస్కాంతీకరణ పెద్ద స్ఫటికం కన్నా తక్కువగా ఉంటుంది. అది నాలుగింట మూడు వంతులే అనుకుంటే, ఈ సూత్రంలో దాని వర్గం ఉంటుంది కాబట్టి, 165 కాస్తా 93కు దిగుతుంది. ఇలాంటి రేణువులకు 1.5 టెస్లా దగ్గర సాధారణంగా కొలిచే విలువలూ ఈ స్థాయిలోనే ఉంటాయి.

ఇప్పుడు అదే రేణువులను కణం మింగిందనుకుందాం. అవి కణద్రవ్యంలో విడివిడిగా తిరగవు. ఎండోసోమ్‌లు, లైసోసోమ్‌లు అనే సన్నని సంచులలో కిక్కిరిసి ఉంటాయి. పావు మైక్రోమీటరు వ్యాసార్థం ఉన్న సంచిలో ఘనపరిమాణం పరంగా పదో వంతు ఐరన్ ఆక్సైడ్ ఉందని తీసుకున్నాను. ఉపరితలం దగ్గర క్షేత్ర మార్పు పదో వంతుకు తగ్గి సెకనుకు 54 లక్షల రేడియన్లు అవుతుంది. కానీ నీరు దాటే సమయం వ్యాసార్థం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, కణం లోపల వ్యాపనం మిల్లీసెకనుకు ఒక చదరపు మైక్రోమీటరు అనుకుంటే, 11 నానోసెకన్ల నుంచి ఒక్కసారిగా 62 మైక్రోసెకన్లకు చేరుతుంది. లబ్ధం 300 దాటింది. ఇక సగటు తీసే కథ ముగిసినట్టే. సంచి దగ్గరి ప్రోటాన్లు అక్కడి నుంచి కదిలేలోపే తమ పొందికను పూర్తిగా పోగొట్టుకుంటాయి.

ఈ స్థితికి యాబ్లాన్‌స్కీ, హాకే 1994లో ఇచ్చిన స్టాటిక్ డీఫేజింగ్ సిద్ధాంతం వర్తిస్తుంది. ఆ సిద్ధాంతం ప్రకారం ఆర్2 స్టార్ అంటే అయస్కాంత పదార్థపు ఘనపరిమాణ భాగం, ఉపరితల ఫ్రీక్వెన్సీ తేడా, 1.21 అనే స్థిరాంకం, ఈ మూడింటి లబ్ధం. ఈ సూత్రాన్ని నిదానంగా చూస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. ఇనుమును రెట్టింపు ఘనపరిమాణంలో పరిస్తే ఘనపరిమాణ భాగం రెట్టింపు అవుతుంది, ఫ్రీక్వెన్సీ తేడా సగమవుతుంది, లబ్ధం మారదు. ఇనుము ఎన్ని సంచులలో ఉంది, సంచి ఎంత పెద్దది అన్నవి లెక్కలో నిలవవు. మొత్తం అయస్కాంతీకరణ ఒక్కటే నిలుస్తుంది. అయితే చెదురు కలిగించే గోళాలు యాదృచ్ఛికంగా పరచుకుని ఉండాలి, నీరు వాటితో పోలిస్తే నెమ్మదిగా కదలాలి. ఒక మిల్లీమోల్ ఇనుముకు ఈ సూత్రం ఇచ్చే విలువ సెకనుకు సుమారు 960. విడి రేణువుల 165తో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు. ఇనుము అంతే, రేణువులు అవే, మారింది అమరిక ఒక్కటే.

పెద్ద గుంపుల విషయంలో ఆర్2 దీనికి భిన్నంగా ప్రవర్తిస్తుంది. ఫేజ్ తేడా ఎక్కువ భాగం నిలకడగా ఉన్నదే కనుక స్పిన్ ఎకో దానిని తిరిగి సర్దేస్తుంది. అందువల్ల ఆర్2 పెరగకపోగా విడి రేణువుల విలువ కన్నా తగ్గవచ్చు. ఆర్1 సంగతి మరీ స్పష్టం. టీ1 ప్రభావం కలగాలంటే నీటి అణువులు రేణువు ఉపరితలానికి అతి సమీపంగా రావాలి. సంచిలో కిక్కిరిసిన రేణువుల మధ్యకు చేరే నీరు తక్కువ, చేరిన నీరు బయటి నీటితో కలవడానికి పొరలు అడ్డం.

ఒక్క కణం లెక్క

పక్క విషయమే అయినా ఇది రాయకుండా ఉండలేను. ఒక కణంలో 10 పికోగ్రాముల ఇనుము ఉందనుకుందాం (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు). గుర్తుపెట్టిన కణాలలో ఇది సాధారణమైన మోతాదు. ఆ కణం మొత్తాన్ని ఒక చిన్న అయస్కాంతంగా భావించి దాని క్షేత్రాన్ని 50 మైక్రోమీటర్ల దూరంలో లెక్కిస్తే సుమారు ఒక మైక్రోటెస్లా వస్తుంది, అంటే 43 హెర్ట్జ్. ఎకో సమయం (సిగ్నల్ కొలిచేవరకు ఆగే సమయం) 10 మిల్లీసెకన్లు అయితే అక్కడి ప్రోటాన్ 150 డిగ్రీలకు పైగా పక్కకు తిరిగి ఉంటుంది. అంత సమయంలో నీటి అణువు వ్యాపనం ద్వారా కదిలే దూరం ఎనిమిది మైక్రోమీటర్ల లోపే కాబట్టి దీనిని సగటు తీసి చెరిపేసేదేమీ లేదు. అంటే 15 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న కణం తన చుట్టూ 100 మైక్రోమీటర్ల వ్యాసంలో సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. ఒక్క కణాన్ని కూడా తగిన సన్నని వోక్సెల్‌తో చూడగలగడం వెనుక ఉన్న కారణం ఇదే. పక్కపక్కనే రెండు కణాలు ఉన్నప్పుడు వాటిని విడదీసి లెక్కపెట్టలేకపోవడానికీ ఇదే కారణం. దూరం ఘనంతో క్షేత్రం తగ్గుతుంది కాబట్టి కణంలో ఇనుము ఎనిమిది రెట్లు పెరిగితే మచ్చ వ్యాసం రెండు రెట్లే పెరుగుతుంది. మచ్చ పరిమాణాన్ని బట్టి ఇనుమును అంచనా వేసేవారు ఈ ఘనమూల సంబంధాన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి.

సిమ్యులేషన్

సూత్రాలు రెండు అంచులను మాత్రమే చెబుతాయి. మధ్యలో ఏం జరుగుతుందో చూడడానికి పైథాన్‌లో నీటి అణువుల యాదృచ్ఛిక నడకను రాశాను. ఒక ఘనాకార పెట్టె, అందులో గోళాలు, ప్రతి గోళం చుట్టూ దూరం ఘనంతో తగ్గే డైపోల్ క్షేత్రం, పెట్టె ఒక అంచు దాటిన అణువు ఎదుటి అంచు నుంచి తిరిగి లోపలికి రావడం. ప్రతి అడుగులో అణువు ఉన్న చోటి క్షేత్రాన్ని బట్టి ఫేజ్ కూడుతూ పోవాలి. గ్రేడియంట్ ఎకోకు అంతే చాలు; స్పిన్ ఎకోకు సగం సమయం దగ్గర ఫేజ్ గుర్తును తిరగేస్తే సరిపోతుంది.

ఇక్కడ అడుగు పొడవే అసలు చిక్కు. క్షేత్రం వేగంగా మారే చోట అడుగు గోళం వ్యాసార్థం కన్నా బాగా చిన్నదిగా ఉండాలి. పావు మైక్రోమీటరు సంచికి 50 నానోమీటర్ల అడుగు చాలనుకుంటే ఒక్కో అడుగుకు సుమారు 1.25 మైక్రోసెకన్లు, 10 మిల్లీసెకన్ల నడకకు 8,000 అడుగులు. మామూలు కంప్యూటర్ దీనిని హాయిగా చేస్తుంది. కానీ విడి రేణువులకు ఒక నానోమీటరు అడుగు కావాలి. అదే 10 మిల్లీసెకన్లకు నాలుగు కోట్లకు పైగా అడుగులు పడతాయి. గోళానికి దూరంగా ఉన్నప్పుడు పెద్ద అడుగు, దగ్గరికి వచ్చినప్పుడు చిన్న అడుగు వేసేలా రాసి సంచుల సిమ్యులేషన్‌ను వేగవంతం చేశాను. విడి రేణువులకు మాత్రం సిద్ధాంత సూత్రాన్నే నేరుగా వాడుతున్నాను, ఎందుకంటే ఆ అంచున అది నమ్మదగినది.

సిమ్యులేషన్‌లో సంచులను పెట్టె అంతటా విడివిడిగా పరచినప్పటికీ, వాటిని కణం పరిమాణమున్న గుంపులుగా కూర్చినప్పటికీ ఆర్2 స్టార్ పెద్దగా మారలేదు. ఆర్2 మాత్రం మారింది. విడివిడిగా ఉన్న సంచి చుట్టూ నీరు తిరిగే సమయం పదుల మైక్రోసెకన్లు. కణం మొత్తాన్ని ఒక గోళంగా తీసుకుంటే 7.5 మైక్రోమీటర్ల వ్యాసార్థానికి అదే సమయం 56 మిల్లీసెకన్లు. కనుక కణంలోని ఇనుము రెండు కొలతల మీద ఒకేసారి పనిచేస్తోంది, సంచి స్థాయిలో ఒకటి, కణం స్థాయిలో ఒకటి. స్పిన్ ఎకోల మధ్య విరామాన్ని మారిస్తే ఈ రెండో స్థాయి బయటపడాలని సిమ్యులేషన్ సూచించింది. స్కానర్ దగ్గర చేయవలసిన కొలతల జాబితాలో దీనిని చేర్చుకున్నాను.

కణాలకు ఇనుము పట్టించడం

మింగడమే పనిగా గల కణాలైతే రేణువులను లోపలికి చేర్చడానికి అదనపు రసాయనాలు అక్కరలేదు కాబట్టి రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలను ఎంచుకున్నాను. మింగని కణాలకైతే ప్రోటమైన్ సల్ఫేట్ వంటి ధనావేశ పదార్థాన్ని రేణువులతో కలిపి, ఆ ముద్దలను కణం లాక్కునేలా చేయవలసి ఉంటుంది. రేణువులున్న మాధ్యమంలో కణాలను రాత్రంతా ఉంచి, ఉదయం ఫాస్ఫేట్ బఫర్‌తో మళ్ళీ మళ్ళీ కడగాలి. ఈ కడగడం మొత్తం ప్రయోగానికి ప్రాణం వంటిది, ఎందుకంటే కణం వెలుపల అంటుకున్న రేణువులు తరువాత విడి రేణువుల సిగ్నల్‌ను కలిపి మూడు స్థితుల మధ్య తేడాను మసకబారుస్తాయి.

లోపలికి చేరిందో లేదో ప్రష్యన్ బ్లూ రంజనంతో చూశాను. ఆమ్లంలో విడుదలైన ఫెర్రిక్ ఇనుము పొటాషియం ఫెర్రోసయనైడ్‌తో కలిసి ముదురు నీలి రంగునిస్తుంది. కణకేంద్రకాలను గులాబీ రంగుతో చూపే రంజనాన్ని కూడా జోడిస్తే నీలి చుక్కలు కేంద్రకం చుట్టూ గుంపులుగా, కేంద్రకం లోపలికి మాత్రం పోకుండా కనిపించాయి. మైక్రోస్కోప్ కింద ఆ చుక్కల ఆకారం చూసినప్పుడు కాగితం మీద రాసుకున్న సంచుల లెక్క కళ్ళ ముందు నిలిచినట్టు అనిపించింది.

రంజనం ఉనికిని చెబుతుంది, పరిమాణాన్ని కాదు. దాని కోసం లెక్కపెట్టిన కణాలను ఆమ్లంలో పూర్తిగా కరిగించి, ఇనుమును ఫెర్రస్ రూపానికి క్షయకరణం చేసి, దానితో కలిసి రంగునిచ్చే ఫెర్రోజీన్ కలిపి, 562 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను కొలిచాను. మొత్తం ఇనుమును కణాల సంఖ్యతో భాగిస్తే కణానికి ఇన్ని పికోగ్రాములని వస్తుంది. సగటు వెనుక కణానికీ కణానికీ చాలా తేడా ఉందని ప్రష్యన్ బ్లూ స్లైడ్‌లే చెబుతున్నాయి, కాబట్టి ఆ సంఖ్యను నమూనా మొత్తానికి వర్తించేదిగానే చూడాలి.

జెల్ నమూనాలు

తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకట్టే అగరోజ్‌ను ఒక శాతం గాఢతలో వాడాను. శరీర ఉష్ణోగ్రత దగ్గర కూడా ద్రవంగా ఉండి కణాలు దెబ్బతినకుండా కలపడానికి ఇది అనువు. రెండు విషయాలలో శ్రద్ధ తప్పనిసరి. ఒకటి గాలి బుడగలు. గాలికి, నీటికి అయస్కాంత స్వభావంలో తేడా ఉండడం వల్ల బుడగ కూడా గ్రేడియంట్ ఎకోలో ఇనుములాగే నల్లటి మచ్చ చూపుతుంది. జెల్‌లోని గాలిని ముందే తీసివేసి నెమ్మదిగా పోయాలి. రెండోది కణాలు అడుగుకు దిగిపోవడం. జెల్ గడ్డకట్టేవరకు గొట్టాన్ని నిదానంగా తిప్పుతూ ఉంటేనే కణాలు అంతటా సమంగా ఉంటాయి, యాదృచ్ఛిక పరచుదల అనే సిద్ధాంత షరతు కూడా నెరవేరుతుంది.

గాఢతల ఎంపికకు ముందు వేసిన లెక్క బాగా పనికొచ్చింది. కణానికి 10 పికోగ్రాముల చొప్పున మిల్లీలీటరుకు 10 లక్షల కణాలుంటే ఇనుము లీటరుకు 0.18 మిల్లీమోల్ అవుతుంది. సిద్ధాంతం ప్రకారం ఇనుము వల్ల ఆర్2 స్టార్ 170 చుట్టూ, అంటే టీ2 స్టార్ ఆరు మిల్లీసెకన్ల లోపు. ఇంతకు మించితే మొదటి ఎకో వచ్చేలోపే సిగ్నల్ చాలా భాగం పోతుంది. మిల్లీలీటరుకు లక్ష కణాలైతే ఇనుము వాటా 17, అది నేపథ్యం నుంచి విడదీయదగినదే. ఈ రెండు హద్దుల మధ్య ఒక శ్రేణిని తయారుచేశాను.

మూడో రకం నమూనాల కోసం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో కణాల పొరలను కరిగించాను. అగరోజ్ తనంతట తాను టీ2ను తగ్గిస్తుంది, ట్రైటన్ కూడా కొంత మార్పు తెస్తుంది, ఇనుము లేని కణాలకూ తమ ప్రభావం ఉంటుంది. అందుకని ప్రతి రకానికీ ఇనుము లేని జోడీ నమూనా పెట్టాను, ఆ నేపథ్యాన్ని తీసివేశాకే పోలిక.

స్కానర్ దగ్గర

3 టెస్లా స్కానర్‌లో గొట్టాలను నీటి పాత్రలో, ప్రధాన క్షేత్రానికి సమాంతరంగా నిలిపాను. పొడవాటి గొట్టం క్షేత్రం వెంబడి ఉంటే తన వెలుపల క్షేత్రాన్ని దాదాపు చెదరగొట్టదు. అడ్డంగా పెడితే ఒక గొట్టంలోని ఇనుము పక్క గొట్టం కొలతలోకి చొరబడుతుంది. షిమ్మింగ్‌కు (స్కానర్ క్షేత్రాన్ని సమం చేయడానికి) ఎక్కువ సమయం కేటాయించాను, ఎందుకంటే స్కానర్ క్షేత్రంలోని పెద్ద స్థాయి అసమానత కూడా ఆర్2 స్టార్‌లోనే కలిసిపోతుంది. అదే కారణంతో గ్రేడియంట్ ఎకో కొలతను సన్నని వోక్సెల్స్‌తో మూడు దిశలలోనూ సమానంగా తీసుకున్నాను.

క్షయ రేఖను సరిపోల్చేటప్పుడు నాయిస్ స్థాయిని పట్టించుకోకపోతే సంఖ్యలన్నీ తారుమారవుతాయి. సిగ్నల్ పరిమాణాన్ని మాత్రమే చూపే మ్యాగ్నిట్యూడ్ చిత్రంలో సిగ్నల్ సున్నాకు దిగదు, నాయిస్ స్థాయి దగ్గర ఆగిపోతుంది. చివరి ఎకోలను అలాగే ఉంచితే క్షయం నిజం కన్నా నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇనుము ఎక్కువైన నమూనాలోనే ఈ లోపం ఎక్కువ కాబట్టి ఇనుముకూ ఆర్2 స్టార్‌కూ మధ్య ఉన్న సరళరేఖ పైభాగంలో వంగిపోయినట్టు అనిపిస్తుంది. నాయిస్‌ను విడిగా కొలిచి, దానికి తగినంత పైన ఉన్న ఎకోలను మాత్రమే తీసుకున్నాను.

కొలతలు చెప్పినది

విడి రేణువుల గొట్టాలలో ఆర్2, ఆర్2 స్టార్ దాదాపు కలిసే వచ్చాయి, ఆర్1 కూడా ఇనుముతో పాటు స్పష్టంగా పెరిగింది. అదే ఇనుము చెక్కుచెదరని కణాల లోపల ఉన్నప్పుడు ఆర్2 స్టార్ ఆర్2ను చాలా వెనక వదిలేసింది. ఆర్1 అయితే ఇనుము లేని కణాల నమూనా దగ్గరే నిలిచింది. ఆర్2 స్టార్ విలువలు 960 లెక్క కన్నా తక్కువగా ఉన్నాయి. రేణువుల అయస్కాంతీకరణ పెద్ద స్ఫటికం కన్నా తక్కువ కావడం దీనికి మొదటి కారణమని భావిస్తున్నాను. స్టాటిక్ డీఫేజింగ్ సూత్రంలో అయస్కాంతీకరణ వర్గంగా కాక నేరుగా ఉంటుంది కాబట్టి తగ్గుదల ఓ మోస్తరుగానే ఉండాలి, అలాగే ఉంది. కొన్ని కణాలు జెల్‌లో ఒకదానికొకటి అంటుకుని ఉండడం రెండో కారణం కావచ్చు.

పొరలు కరిగించిన నమూనాలు నాకు అన్నింటికన్నా ఎక్కువ నేర్పాయి. ఆర్1 కొంత తిరిగి లేచింది, అంటే నీటికి రేణువుల దగ్గరికి దారి తెరుచుకుంది. ఆర్2 స్టార్ మాత్రం విడి రేణువుల స్థాయికి పూర్తిగా దిగలేదు. పొర పోయినంత మాత్రాన లోపల ముద్దకట్టిన రేణువులు వెంటనే చెదిరిపోవని దీని అర్థం. కాబట్టి కణం చనిపోగానే సిగ్నల్ మారిపోతుందని ఆశించడం సరికాదు. ముద్దలు విడిపోవాలి, లేదా వాటిని మరో మాక్రోఫేజ్ మింగాలి. మాక్రోఫేజ్ మింగితే అమరిక మళ్ళీ మునుపటిలాగే ఉంటుంది, కణం మాత్రం వేరేది. ఆ సందర్భంలో ఎమ్మారై ఒక్కదానితో బతికున్న మూలకణాన్ని, దాని శవాన్ని మింగిన మాక్రోఫేజ్‌ను వేరు చేయడానికి ఈ కొలతలలో ఏ ఆధారమూ లేదు, ఈ పరిమితిని స్పష్టంగా చెప్పాలి.

ఎకోల మధ్య విరామాన్ని మార్చిన కొలత నాకు గొప్ప సంతోషాన్ని ఇచ్చింది. విడి రేణువులలో విరామం పెంచినా తగ్గించినా ఆర్2 కదలలేదు. కణాల లోపలి ఇనుముకు విరామం పెరిగేకొద్దీ ఆర్2 పెరిగింది; కరిగించిన కణాలు ఈ రెండింటి మధ్యలో నిలిచాయి. సిమ్యులేషన్ సూచించిన కణం స్థాయి చెదురు నిజంగా ఉందని ఇది చూపుతోంది. పైగా ఆర్2 స్టార్‌ను పాడుచేసే షిమ్ లోపాలు ఈ కొలతను అంతగా తాకవు, కనుక ఇనుము కణంలో ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆర్2 స్టార్, ఆర్2ల నిష్పత్తి కన్నా ఇదే గట్టి సాక్ష్యం కాగలదని నా నమ్మకం.

ముందున్న పని

ఇప్పటివరకు ప్రతి గొట్టంలో ఇనుము ఒకే స్థితిలో ఉంది. శరీరంలో అలా ఉండదు. కొంత కణాలలో, కొంత బయట ఉంటుంది. విడి ఇనుము గాఢత ఒక అజ్ఞాతం, కణాలలోని ఇనుము గాఢత మరో అజ్ఞాతం అనుకుంటే, ఆర్2 ఒక సమీకరణాన్ని, ఆర్2 స్టార్ మరో సమీకరణాన్ని ఇస్తాయి. విడివిడి నమూనాలలో కొలిచిన గుణకాలు చేతిలో ఉన్నాయి కాబట్టి రెండింటినీ సాధించవచ్చు. అయితే రెండు ప్రభావాలూ ఒకదానితో ఒకటి సరళంగా కూడుతాయన్న ఊహ మీద ఇదంతా నిలబడి ఉంది. దానిని పరీక్షించడానికి తెలిసిన నిష్పత్తులలో విడి రేణువులను, గుర్తుపెట్టిన కణాలను కలిపిన గొట్టాలు సిద్ధం చేస్తున్నాను.

కాలంతో వచ్చే మార్పు ఇంకో పని. కణం విభజన చెందిన ప్రతిసారీ ఇనుము సగమవుతుంది. 10 పికోగ్రాములతో మొదలైన కణం అయిదు విభజనల తరువాత 0.3 పికోగ్రాముల దగ్గరికి వస్తుంది. దీనితో పాటు లైసోసోమ్‌లోని ఆమ్లత్వం గర్భాన్ని మెల్లగా కరిగిస్తుంది, కరిగిన ఇనుము ఫెరిటిన్ అనే ఇనుము నిల్వ ప్రోటీన్‌లోకి చేరుతుంది, ఫెరిటిన్ అయస్కాంతత్వం మాగ్నెటైట్‌తో పోలిస్తే అతి స్వల్పం. రసాయన పరీక్షలో ఇనుము అంతే ఉంటుంది, ఎమ్మారైలో మాత్రం తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. విభజన చెందని స్థితిలో ఉంచిన కణాల నుంచి కొంతకాలం పాటు విడతలుగా నమూనాలు తీసి, ఫెర్రోజీన్ విలువనూ ఆర్2 స్టార్‌నూ పక్కపక్కన కొలిస్తే ఈ రెండు తగ్గుదలలను వేరు చేయవచ్చు. కణాల పెంపకం మొదలైంది; కలిపిన గొట్టాల కొలత పూర్తికాగానే స్కానర్ సమయాన్ని దీనికి మళ్ళిస్తాను.